పూర్ణం కడుపు

పెళ్లయిన తొమ్మిదో రోజు మా ఆయన రామాంజినప్ప సాయంత్రం మల్లెపూలు తెస్తానని మాటిచ్చి, టిఫిన్ క్యారియర్ సంచిలో ఒక గినీ పిగ్‌ను తెచ్చాడు. ఆయన బొమ్మనహళ్ళి దగ్గర మందుల కంపెనీలో లాబొరేటరీ అసిస్టెంటు. వయసు మీరిందని, ఇక పరీక్షలకు పనికిరాదని పక్కన పెట్టేసిన ఆడదట. పూలైతే రేపటికి వాడిపోతాయి కదా అని సమర్థించుకున్నాడు. సంచి తెరిస్తే తెలుపూ గోధుమరంగూ కలిసిన ముద్ద ఒకటి నన్ను చూసి ఈల వేసింది. నేను మల్లెపూల ఊసే మరచిపోయాను.

మాది కబ్బన్‌పేటలో మగ్గాల ఇల్లు. కింద మామ ఓబళప్ప నడిపే నాలుగు మరమగ్గాలు, పైన మా కాపురం. అత్త సుబ్బలక్ష్మమ్మ మొదటి రోజు సీమెలుకను ఇంట్లోకి తెస్తారా అని ముక్కు మూసుకుంది. మూడో రోజుకి కొత్తిమీర కాడలు దాని కోసం విడిగా దాచసాగింది. గుండ్రంగా, మెత్తగా, లోపల తీపి ఏదో కూరినట్టుందని పూర్ణం అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

అయిదు నెలలు గడిచాక పూర్ణం పొట్ట పెరిగింది.

"ఏమ్మే అనసూయా, ఇది కడుపుతో ఉండాది" అని అత్త వంటింట్లోకి వచ్చి నా చెవిలో చెప్పింది.

నేను బీఎస్సీ జువాలజీ చదివినదాన్ని. గినీ పిగ్ మహా అయితే డెబ్బై రోజులు మోస్తుంది. మా ఇంటికొచ్చి అయిదు నెలలు. ఇంట్లో మగది లేదు. ఈ లెక్క తెలియడానికి డిగ్రీ కూడా అక్కర్లేదు. అయినా నోరు విప్పలేదు. ఎందుకో సిగ్గు లేకుండా చెబుతాను. అప్పటిదాకా ఆ ఇంట్లో అందరి చూపులూ నా పొట్ట మీదే ఉండేవి. నేను మామిడికాయ ముక్క నోట్లో వేసుకుంటే కింద మగ్గం ఆగేది. పూర్ణం వంతు వచ్చాకే నేను ఊరగాయ హాయిగా తినగలిగాను. మా ఆయనతో చెబితే, ఇంకో నాలుగు దినాలు నడవనీ అని నవ్వాడు.

ఆ ఇంట్లో చూలు ఎవరిదైనా ఒడి నింపి సీమంతం చెయ్యాల్సిందే. ఒకప్పుడు ఉన్న ఆవుకు కొమ్ములకు గాజులు తొడిగారట. పూర్ణానికి కొమ్ములు లేవు కనుక అత్త పచ్చగాజులు పంజరం కమ్మీలకు కట్టింది. నుదుట చుక్కంత కుంకుమ పెట్టి, ముందర గుప్పెడు బియ్యం, నానబెట్టిన శెనగలు పోసింది. ఎదురింటి వాళ్లను పేరంటానికి పిలవకుండా ఆపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. పూర్ణం శెనగలు మాత్రం తిని, కుంకుమ పంజరానికి రుద్దేసుకుంది. బట్టలు ఆరేసే నెపంతో నేనూ మా ఆయనా మేడెక్కి, పక్కటెముకలు నొప్పి పుట్టేదాకా నవ్వాం.

మూడు వారాలకు ఆ నవ్వు ఆగిపోయింది. పూర్ణానికి రెండు పక్కలా, కొలిచి గీసినట్టు ఒకే మేర వెంట్రుకలు రాలిపోయాయి. ఇష్టంగా తినే దంటు తోటకూర ఆకు చూపించినా లేచి రాలేదు. ఒక మూల ముడుచుకుని కూర్చుంది. బుట్టలో పెట్టుకుని, మా ఆయన లూనా వెనక కూర్చుని, రిచ్మండ్ టౌన్‌లో పశువుల డాక్టరు దానియేలు గారి దగ్గరికి పరుగెత్తాం.

ఆయన గుంటూరు మనిషి. పొట్టను రెండు వేళ్లతో నొక్కి చూసి, ఎన్నాళ్లయిందని అడిగారు. చెప్పాను.

"మూడు వారాలా? ఇన్నాళ్లూ ఏమనుకున్నారమ్మా?"

ఒడి నింపిన సంగతి చెప్పలేక మా ఆయన గోడ మీది కుక్కజాతుల పటం శ్రద్ధగా చదవసాగాడు.

అది కడుపు కాదు. అండాశయాల్లో నీటి తిత్తులు, రెండు వైపులా, నిమ్మకాయంత. వెంట్రుకలు అలా జతగా రాలడమే దానికి గుర్తట. డాక్టరు మూడు దారులు చెప్పారు. సూదితో నీరు లాగెయ్యొచ్చు, కానీ నెలకో రెండు నెలలకో మళ్లీ నిండుతుంది. హార్మోను ఇంజెక్షన్ ఇవ్వొచ్చు, ఇంత పెద్ద తిత్తుల మీద అది పనిచేస్తుందన్న నమ్మకం ఆయనకు లేదు. మూడోది, కోసి అండాశయాలు తీసెయ్యడం.

"అదైతే మళ్లీ రాదు. కానీ చిన్న ప్రాణి. ఈథర్ మత్తు పిసరంత ఎక్కువైతే ఇక లేవదు. గినీ పిగ్‌కి నేను రెండుసార్లు చేశాను. ఒకటి బతికింది."

ఆ బతికింది మొదటిదా, రెండోదా అని అడిగాను. రెండోదేనట. ఆ రోజు దొరికిన ఊరట అదొక్కటే. తిండి పూర్తిగా మానేస్తే కోసే వీలు కూడా ఉండదని, ఎల్లుండిలోగా ఏదో ఒకటి తేల్చి చెప్పమని పంపేశారు.

ఇంటికొచ్చి చెబితే అత్త లేచింది. పంజరం కమ్మీల నుంచి పచ్చగాజులు ఒక్కొక్కటే విప్పి డబ్బాలో పెట్టేసింది. మామ కత్తి వద్దన్నాడు, ఉన్నన్నాళ్లు ఉండనీ అన్నాడు. మా ఆయన సూదే మేలన్నాడు. ఈథర్ పట్టాక లేవని ప్రాణుల్ని కంపెనీలో ఆయన చాలా చూశాడు. నేను మాత్రం ఆపరేషన్ అన్నాను. నేను నవ్వుతూ పోగొట్టిన మూడు వారాలు దాని ఒంటి మీద బోడి మచ్చలై కనిపిస్తున్నాయి. నెలనెలా దాని పొట్టలో సూది గుచ్చుతూ ఇంకోసారి చూడలేననిపించింది.

చివరికి అత్త, "చెప్పేదానికి మనమెవురం? అమ్మను అడుగుదాం" అంది.

అమ్మ అంటే చౌడమ్మ. ఆ ఇంట్లో పెద్ద సంగతి ఏదైనా ఆమెను పువ్వు అడిగే తేలుస్తారు. ఇత్తడి విగ్రహం రెండు భుజాల మీదా తడిపిన చేమంతి పూలు అంటిస్తారు. కుడి పువ్వు పడితే చెయ్యమని, ఎడమది పడితే వద్దని. ఏదో ఒకటి పడేదాకా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టకూడదు.

మరునాడు పొద్దున అత్త తలంటుకుని వచ్చి రెండు పూలూ తన చేత్తోనే అంటించింది. ఆపరేషన్‌కు సెలవిస్తావా తల్లీ అని అడిగి, హారతి కర్పూరం కోసం వంటింట్లోకి వెళ్లింది. ఆ కాస్త సందులో నేను గిన్నెలోని గంధం వేలితో తీసి ఎడమ పువ్వు కింద దట్టంగా మెత్తేశాను. ఇక పడితే కుడిదే పడాలి.

పడలేదు. తొమ్మిదయింది, పదయింది. మామ మెట్ల మీద నుంచి రెండుసార్లు తొంగి చూశాడు. ఫ్యాను వేద్దామని అడిగితే అత్త కసిరింది. మా ఆయన సగం రోజు సెలవు పెట్టి, ఆకలికి మొహం వేలాడేసుకుని కింద మగ్గాల దగ్గర కూర్చున్నాడు. పదకొండు దాటింది. చౌడమ్మ రెండు పూలతో నిండుగా మమ్మల్నే చూస్తోంది. అప్పుడు కనిపించింది, అమ్మవారి కుడి భుజానికి ఎక్కుతున్న చీమల బారు.

"అత్తా, కుడి పువ్వుకు చీమలు పట్టినాయి."

"పట్టనీ. ఎడమ పువ్వు కింద గంధం కారతా ఉండాది, దాన్ని చూసినావా?"

ఇద్దరం అమ్మవారి వైపే చూస్తూ కూర్చున్నాం. ముందు అత్త భుజాలు కదిలాయి. తర్వాత నావి. కింద ఉన్నవాళ్లకు వినబడకుండా కొంగులు నోట్లో కుక్కుకున్నాం.

"బెల్లమా అత్తా?"

"పాకం. నాకేమన్నా ఇది కొత్తనా? నీ సంబంధమప్పుడు ఎడమదానికి బంక పెట్టినా. మీ మామకు మడకశిర పిల్ల కావాల్సె. నాకు నువ్వు కావాల్సె."

ఆ మాటకు నేను ఎగిరి గంతెయ్యాలి. కానీ పూర్ణం మూలలో ఉంది, ఈల మానేసి రెండు రోజులైంది. కుడి పువ్వు పడకూడదని ఎందుకనుకున్నారని అడిగాను. అత్త చీమల్ని దులపసాగింది.

"నాకూ ఒకసారి ఇట్లనే ఒడి నింపిరి, రామాంజి పుట్టకముందు. అయిదో నెల్లో చూస్తే బిడ్డ కాదు, గడ్డ. కోసి తీసిరి. మత్తు దిగినాక ఎంత నొప్పనుకుంటివి? నేను అరిస్తిని, పక్కన మా అమ్మ ఉన్నె. దీనికి చెప్పుకునేదానికి నోరన్నా లేదే."

నాకిక దాచాలనిపించలేదు. అది కడుపు కాదని మొదటినుంచీ తెలుసని, అందరూ నన్ను చూడటం మానేశారని చెప్పకుండా ఊరుకున్నానని ఒప్పేసుకున్నాను. అత్త నా చెవి పట్టుకుని మెలిపెట్టింది, నిజంగానే నొప్పి పుట్టేలా.

"అడిగింటే నేనే మానేసేదాన్ని కదే."

"మరి ఆపరేషన్ అయినాక మీకేమాయె అత్తా?"

"ఏమైతుంది? రెండేండ్లకు రామాంజి పుట్టె. ముప్పై ఏండ్ల నుంచీ మీ మామతో కొట్లాడతా ఉండా."

అనేసి, తాను అన్న మాట తనకే వినబడినట్టు ఆగిపోయింది. పూర్ణం వైపు ఒకసారి చూసింది. తర్వాత చెయ్యి చాచి కుడి పువ్వును చీమలతో సహా ఊడబెరికి పళ్లెంలో పడేసింది. లెంపలేసుకుని, మెట్ల వైపు తిరిగి కేక పెట్టింది.

"ఏమప్పా, అమ్మ కుడి ఇచ్చింది. అన్నానికి రాండి."

మర్నాడు ఆటోలో ముగ్గురం వెళ్లాం. అత్త తన వంకాయరంగు పట్టుచీర కట్టుకుంది. పాత చీరతో పోతే డాక్టర్లు లెక్క చెయ్యరని ఆవిడ నమ్మకం. తలుపు మూసిన గంటకు దానియేలు గారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. పూర్ణం మత్తు నుంచి లేచింది, కానీ అప్పుడే సంబరపడొద్దన్నారు. ఈ జాతికి పేగులు ఆగకూడదు. సాయంత్రంలోగా ఏదో ఒకటి నమలాలి. నమిలితే దక్కినట్టే.

పూర్ణాన్ని అత్త ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. దంటుకూర పెట్టాం, ముఖం తిప్పుకుంది. కీరదోస, కొత్తిమీర, మా ఆయన కంపెనీ నుంచి తెచ్చిన గడ్డి, దేన్నీ ముట్టలేదు. కుట్లు వేసిన పొట్ట గబగబా ఎగిరిపడుతోంది. మూడయింది, నాలుగయింది. మా ఆయన కుక్కల పటం కంఠతా పట్టేశాడు. నేను నాకు తెలిసిన దేవుళ్లందరికీ, ఏ పువ్వూ లేకుండానే, మొక్కుకున్నాను.

నాలుగున్నరకు అత్త నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కదలొద్దు."

కిందికి చూశాను. పూర్ణం కొంగు అంచును పళ్ల మధ్య పట్టుకుంది. ఒక జరీపోగు టప్పున తెగింది. దవడ కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. మామ ఎంచి నేయించిన అంచు అది. అత్త ఊపిరి బిగబట్టి కొంగును ఇంకో బెత్తెడు దాని నోటి దగ్గరికి జరిపింది.

మామకేం చెబుతారని గుసగుసగా అడిగాను.

"ఎలుక కొరికిందని చెప్తా. నువ్వు ముందు ఆ కొత్తిమీర ఇట్లియ్యి."

ఒక కాడ అందించాను. అత్త దాన్ని జరీ పక్కనే మెల్లగా దూర్చి, కొంగును అంగుళం అంగుళంగా వెనక్కి లాగింది. పూర్ణం తేడా కనిపెట్టలేదు. అలాగే నములుతూ పట్టుచీర లోంచి కొత్తిమీరలోకి వెళ్లిపోయింది.