మైకులో చెప్పిన పాపాలు

ఆత్మకూరు బస్టాండు పక్క సందులో మస్తానయ్య టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. టైపు నేర్చుకునేవాళ్లు ఎందరో ఏమో గానీ, బయోడేటాలు కొట్టించుకునేవాళ్లతో మాత్రం ఎప్పుడూ కిటకిటలాడేది. మస్తానయ్య చేతిలో పడితే గడ్డిపోచ కూడా గంధపు చెక్కై బయటికొస్తుందని పేరు. ఉదయగిరి నుంచి సురేంద్రబాబు పొద్దున్నే బస్సెక్కి వచ్చింది ఆ పేరు వినే.

"ఇన్నాళ్లూ ఏం పని చేసినావు?" అన్నాడు మస్తానయ్య.

"మా మామ సైకిలు షాపులో మూడు నెల్లు కూర్చున్నానన్నా."

మస్తానయ్య వేళ్లు టకటకలాడాయి. 'అసిస్టెంట్ సేల్స్ మేనేజర్, మూడు సంవత్సరాలు.'

"హిందీ వచ్చునా?"

"టీవీలో చూస్తా."

వచ్చేసింది హిందీ. క్రికెట్టాడి గోరూడగొట్టుకున్నవాడు జిల్లా స్థాయి ఆటగాడయ్యాడు. ఇంటరు రెండుసార్లు తప్పినవాడు పేజీ చివరికొచ్చేసరికి డిగ్రీ చదువుతున్నాడు.

"చెడలవాట్లు?"

"నిజంగానే లేవన్నా. టీ గూడా తాగను."

మస్తానయ్య అతనివైపు జాలిగా చూశాడు. "సరేలే, ఒక్కటన్నా నిజం ఉండనీ, దిష్టి తగలకుండా" అని ఆ ముక్క కూడా కొట్టాడు.

సురేంద్రబాబుకి ఇరవై ఏడేళ్లు. తల్లి శీనమ్మ ఇప్పటికీ వేరుశెనగ చేలకి కూలికి పోయి కొడుక్కి అన్నం పెడుతోంది. పెట్టేటప్పుడు ఒక్క మాటా అనదు. అదే అతనికి గొంతులో అడ్డం పడేది. తిట్టే తల్లి ముందు కూర్చుని తినడం చాలా సులువు. ఈ ఉద్యోగం రాకపోతే ఇక ఆమె ముందు కంచం పెట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

ఉద్యోగమంటే మరేం కాదు. ఆత్మకూరులో చెంచురామయ్య అనే ఆసామి పురుగుమందుల వ్యాపారం చేస్తున్నాడు. పల్లెల్లో తిరిగి పత్తి రైతులకి మందులు అమ్మే మనిషి కావాలి. బయోడేటా మొత్తం చదివి, "ఇన్ని వచ్చినోడివి మా దగ్గరికెందుకొచ్చినావబ్బయ్యా?" అని అడిగాడాయన. జవాబు అక్కర్లేనట్టు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వసూళ్లు నీ చేతిలో ఉంటాయి. తాగుబోతూ, పేకాటగాడూ నాకొద్దు. ముందున్నోడు అట్నే ముంచినాడు. క్రైస్తవుడినని రాసినావు గదా, నువ్వు మంచోడివని మీ పాస్టరు దగ్గర ఒక ముక్క రాయించుకోని సోమవారం రా."

ఇంత సులువా అనుకున్నాడు సురేంద్రబాబు. ఉదయగిరి బాప్టిస్టు చర్చిలో పాస్టరు ప్రేమానందం అయ్యగారు కళ్లజోడు పైకి జరిపారు. "సంఘంలో సభ్యుడివే కావే, నీకు నేనెట్ల రాసిచ్చేది?"

నిజమే. పుట్టిన బిడ్డకి నాలుగు చుక్కలు చల్లే పద్ధతి బాప్టిస్టుల్లో లేదు. బుద్ధెరిగాక సంఘం ముందు నిలబడి, పాత బతుకు ఎలా ఉండేదో సాక్ష్యం చెప్పి, తొట్టిలో నిలువునా మునగాలి. నలుగురిలో మాట్లాడటం చేతకాని సురేంద్రబాబు ఇన్నేళ్లూ తప్పించుకు తిరిగాడు.

"వచ్చే ఆదివారం బాప్తిస్మాలు ఉండాయి. సాక్ష్యం చెప్పి మునుగు. తడి ఆరకముందే రాసిస్తా" అన్నారు అయ్యగారు.

సాక్ష్యం ఎలా చెప్పాలో తెలియక చిన్నమ్మ లిదియమ్మ దగ్గరికి పోయాడు. చర్చి స్త్రీల సమాజానికి ఆమే పెద్ద. "దేవుడు నన్ను మంచిగా ఉంచినాడు, ఇంకా మంచిగా ఉంటాను" అని వినిపిస్తే ఆమె మొహం చిట్లించింది.

"ఇది సాక్ష్యమా, సెలవుచీటీనా? పోయిన తడవ ఆదెయ్య చెప్పినాడు చూడు, పొరుగూరి గొర్రెల్ని దొంగతనంగా తోలుకోని పోయినానని! ఆడోళ్లంతా ఏడ్చినారు. వాడికి గొర్రెను చూస్తే భయం, అది వేరే సంగతి. నువ్వు ఎంత లోతులో పడుంటే ఆయన అంత పైకి లాగినట్టు."

"నేనే పాపమూ చెయ్యలేదే చిన్నమ్మా!"

"చూసినావా, ఎంత గర్వమో! అదొక పాపం. దాని పక్కన ఇంకో రెండు పెట్టు."

మస్తానయ్య లేని గుణాలు చేర్చాడు. లిదియమ్మ లేని దుర్గుణాలు చేర్చింది. ఇద్దరిదీ మంచి మనసే.

ఆదివారం సురేంద్రబాబు మైకు పట్టుకుని ముందు దాన్ని రెండుసార్లు తట్టి చూశాడు. ఎలాగో "నేను తాగినాను" అన్నాడు. ఎవరో గట్టిగా "ఆమెన్" అన్నారు. పుట్టి బుద్ధెరిగాక అతని మాటకి ఎవరైనా అంతగా విలువివ్వడం అదే మొదలు. ఇక ఆగలేదు. "పేకాడినాను! మామ షాపు గల్లాలో చెయ్యి పెట్టినాను! మా యమ్మ కమ్మలమ్మి తాగినాను!" జనం హల్లెలూయా అన్నారు. శీనమ్మ మాత్రం రెండు చెవులూ తడిమి చూసుకుంది. కమ్మలు ఉన్నాయి.

చర్చి మీది గొట్టం మైకు ఆ పాపాల్ని పొల్లుపోకుండా బజారంతా పంచింది. తల తుడుచుకుంటూ, అయ్యగారు రాసిచ్చిన కాగితంతో బయటికొచ్చిన సురేంద్రబాబుకి ఎదురుగా పురుగుమందుల కొట్టు మెట్ల మీద చెంచురామయ్య కనపడ్డాడు. కొట్టువాడి దగ్గర వసూలుకొచ్చి, మొదట్నుంచీ అంతా విన్నాడు.

"చెడలవాట్లు లేవని రాసిస్తివి. మైకులో అన్నీ ఉండాయంటివి. ఇప్పుడేమో మంచోడివని కాగితం తెస్తివి. ఏది అబద్ధమో చెప్పరా సామీ!"

ఆ కేకకి అయ్యగారూ, శీనమ్మా కూడా బయటికొచ్చారు. బయోడేటా అబద్ధమంటే ఉద్యోగం పోతుంది. సాక్ష్యం అబద్ధమంటే చేతిలోని కాగితం పోతుంది, కాగితంతో పాటు ఉద్యోగమూ పోతుంది. సురేంద్రబాబు తల్లి చెవుల వంక చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"రెండూ అబద్ధమే సార్. ఇంటరు రెండు తూర్లు తప్పినాను. మూడు నెల్లు సైకిళ్లకి గాలి కొట్టినాను. హిందీ రాదు. తాగలేదు, ఆడలేదు, మా యమ్మ కమ్మలు ఆమె చెవులకే ఉండాయి. చెడలవాట్లు లేవన్న ముక్కొక్కటే నిజం." చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. ఆ ఏడుపుకి ఎవరూ ఆమెన్ అనలేదు.

అయ్యగారు కాసేపు ఆకాశం చూశారు. ఈ ఏడాది ఎంతమంది మునిగారో చర్చి పైవాళ్లకి ఆయన ముందే, కాస్త పెంచి, రాసి పంపేశారు. "ఇంతమంది ముందర అబద్ధం చెప్పినావు గదా, పాపం చేసినట్టే. బాప్తిస్మం చెల్లుద్దిలే" అని లోపలికి వెళ్లిపోయారు.

చెంచురామయ్య పకపకా నవ్వాడు. "కాగితంతో నన్ను నమ్మించినావు. మైకులో బజారును ఏడిపించినావు. ఈ కొట్టోడు బేరం వదిలేసి కళ్లు తుడుచుకున్నాడు. మందులమ్మేదానికి ఇంకేం కావాల? రేపు వచ్చి చేరు. ఇప్పుడు చెప్పినావే, అట్టాంటి నిజాలు మాత్రం రైతుల కాడ చెప్పబాక."

ఆ రాత్రి శీనమ్మ అన్నం పెడుతూ, "కమ్మల మాట ఎందుకురా?" అని ఒక్క మాట అంది. ఆ ఒక్క మాట అన్నందుకేనేమో, ముద్ద దిగింది.

వారం తిరిగేసరికి సురేంద్రబాబు మందు డబ్బాలతో లిదియమ్మ పత్తి చేను గట్టు మీద నిలబడ్డాడు. అది ఎప్పటి సరుకో, కొడితే పురుగు చస్తుందో బలుస్తుందో చెంచురామయ్యకే తెలియదు. కాయల్ని పురుగు తొలిచేస్తోంది. ఈ పంట పోతే లిదియమ్మకి మరో దారి లేదు.

"ఇది పనిచేస్తాదా రా? నువ్వు మునిగినోడివి, ఇంక అబద్ధమాడవు" అంది.

సురేంద్రబాబు చేతిలోని డబ్బా గట్టు మీద పెట్టేశాడు. ఉద్యోగం పోతే పోయింది అనుకున్నాడు. "తెలీదు చిన్నమ్మా. నిజంగా తెలీదు. కొనబాక."

లిదియమ్మ కళ్లు చెమ్మగిల్లాయి. పక్క చేలవాళ్లని కేకేసింది. "చూసినారా! అమ్ముకునే సరుకును కొనబాకనేవాడు యాడన్నా ఉండాడా? మారుమనసంటే ఇదీ! ఇట్టాంటోడు తెచ్చిన మందు మంచిది కాకుండా పోద్దా? నాకు రెండు డబ్బాలియ్యి."

అతను వద్దన్నకొద్దీ జనం ఎగబడ్డారు. సాయంత్రానికి ఒక్క డబ్బా మిగల్లేదు.

ఖాళీ సంచి చూసి చెంచురామయ్య నోరెళ్లబెట్టాడు. "ఏం చెప్పి అమ్మినావురా?"

"నిజం సార్. పనిచేస్తాదో లేదో తెలీదన్నాను."

చెంచురామయ్య వచ్చిన డబ్బు మరోసారి లెక్కపెట్టాడు. "అయితే రేపు కలిగిరిలో గూడా అదే చెప్పు" అన్నాడు.

సురేంద్రబాబుకి లిదియమ్మ చేను కళ్లముందు కదిలింది. ఆ వెనకే తల్లి పెట్టే కంచం కదిలింది.

"సరే సార్" అన్నాడు.