ముట్టుకోకూడని లోతు

తీరంలో సైరన్లు మొదలయ్యాక గానీ ఆమె లోతు గడి వైపు చూడలేదు. అందులో పది కిలోమీటర్లు అని ఉంది.

భూకంపాల కేంద్రంలో పనిచేసే ఎవరికైనా ఆ పది సంగతి తెలుసు. భూకంపం ఎంత లోతున పుట్టిందో తేల్చుకోలేకపోతే, గడి ఖాళీగా ఉండకూడదని యంత్రం పది వేసుకుంటుంది. ‘తెలియదు’ అని దాని అర్థం. కానీ తీరాన్ని ఖాళీ చేయించే అధికారులకు అది కొలతే. సముద్రం అడుగున పెద్ద భూకంపం, పైగా ఇంత పైపైన. సునామీ అల వచ్చేస్తోందనే అనుకుంటారు. అదే జరిగింది.

ఆమె కళ్లు నులుముకుని తెర మీది గీతలు చూసింది. దూరపు స్టేషన్‌లో మొదటి కుదుపు. అది మొదలైన రెండు నిమిషాలకు ఇంకో కుదుపు, మొదటిదానికి నీడలా. కింద పుట్టిన తరంగం పైకెళ్లి, నేలకు తగిలి, ప్రతిధ్వనిలా తిరిగొస్తే ఇలాగే ఉంటుంది. రెండు నిమిషాలంటే దాదాపు ఆరు వందల కిలోమీటర్ల లోతు. అంత లోతున ఏం విరిగినా సముద్రం అడుగు లేవదు. అల రాదు.

ఒక్క మీట నొక్కి హెచ్చరిక వెనక్కి తీసుకుంటే సరిపోతుంది.

కానీ ఆమె భర్త తీరం పక్క ఆసుపత్రిలో, మూడో అంతస్తులో, ఆక్సిజన్ మీద ఉన్నాడు. పాత ఆసుపత్రిలో పడక లేక ఆ పొద్దున్నే అక్కడికి మార్చారు. ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి కూడా కదిలించొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. సైరన్ మోగితే లిఫ్టు ఆపేస్తారు. మెట్ల మీదుగా మోసుకుని దింపుతారు.

ఆమె పనిచేసే గదిలో ఒక కట్టుబాటు ఉంది. తమవాళ్లు ప్రమాదంలో ఉంటే కొలత ముట్టుకోకూడదు. చెయ్యి తీసేసి, పని పక్కవాళ్లకు ఇవ్వాలి. భర్తను మార్చిన సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. చెప్పకపోతే ఎవరూ అడగరు.

ఆమె మీట మీద వేలు పెట్టింది. ఎన్నో నెలలుగా ఆసుపత్రి బల్లల మీద కూర్చుని కూర్చుని ఆమెకు నిద్రకూ మెలకువకూ తేడా తెలియకుండా పోయింది. ఆ రెండో కుదుపు నిజంగా ఉందా? అల వస్తే ఆ ఆసుపత్రి మొదటి రెండంతస్తులూ నీళ్లలో ఉంటాయి.

చెయ్యి తీసేసింది.

“సార్, మా ఆయన ఆ ఆసుపత్రిలో ఉన్నారు. ఇది లోతైనదని నాకు అనిపిస్తోంది. కానీ నాకు అలా అనిపించాలని కూడా ఉంది. పక్క బల్ల తమ్ముణ్ణి కొలవమనండి.”

డైరెక్టరు ఫోను చేతిలో పట్టుకునే ఆమె వైపు చూశాడు. పక్క బల్ల దగ్గరి కుర్రాణ్ణి పిలిచాడు. ఆ కుర్రాడికి ఆఫీసంతా పెట్టిన పేరు నింపాది. ఇల్లు కాలుతున్నా చెప్పులు వెతుక్కుని వచ్చే రకం.

నింపాది కుర్చీ ముందుకు లాక్కున్నాడు. నీళ్లు తాగాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది.

“ఆ రెండోది వేరే భూకంపమేమో చూడు,” అన్నాడు డైరెక్టరు. ఆ అనుమానం సబబైనదే. రెండో కుదుపు ప్రతిధ్వని కాకుండా, అక్కడే పుట్టిన ఇంకో భూకంపం కావచ్చు. తేల్చడానికి దారి ఒక్కటే. ఇంకో భూకంపమైతే రెండు కుదుపుల మధ్య ఎడం అన్ని స్టేషన్లలోనూ ఒకేలా ఉంటుంది. ప్రతిధ్వని అయితే దూరం పెరిగేకొద్దీ ఎడం పెరుగుతుంది.

నింపాది ఒక స్టేషన్ కొలిచాడు. ఇంకోటి కొలిచాడు. రెండింట్లో ఎడం ఒకటే.

“ఇంకో భూకంపమేనమ్మా,” అన్నాడు డైరెక్టరు నీరసంగా.

ఆ రెండు స్టేషన్లూ భూకంపానికి సమదూరంలో ఉన్నాయి. ఎడం ఒకటే రాక ఏమవుతుంది? ఆ మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. పళ్లు బిగబట్టింది.

నింపాది తల గోక్కున్నాడు. “ఉండండి సార్. ఇవి రెండూ కవల పిల్లలు, ఒకే దూరంలో ఉన్నాయి. దూరపు చుట్టాన్ని అడగనివ్వండి.”

అడిగాడు. ఎడం పెరిగింది. మరీ దూరపు స్టేషన్‌లో ఇంకా పెరిగింది.

“ఆరు వందలు దాటింది సార్,” అన్నాడు, అదేదో బస్సు నంబరు చెప్పినట్టు.

డైరెక్టరు హెచ్చరిక వెనక్కి తీసుకున్నాడు. ఆమె ఫోను అందుకుని ఆసుపత్రికి చేసింది. అవతల మోగుతూనే ఉంది.

అసలు అంత లోతున రాయి విరగకూడదు. పైనున్న బరువుకు పగులు తెరుచుకునే సందు ఉండదు. వేడికి పిండిలా సాగాలి. ప్రయోగశాలలో రాళ్లను ప్రెస్సు కింద నొక్కడం భర్త ఉద్యోగం. అన్నం తింటూ కూడా అదే చెప్పేవాడు. సముద్రపు నేల పలక ఒకటి భూమిలోకి దిగబడుతూ పోతుంది. లోపల ఇంకా చల్లగానే ఉంటుంది. ఆ చలికి అందులోని ఆలివిన్ అనే ఖనిజం, ఎప్పుడో మారాల్సిన బిగువైన రూపంలోకి మారకుండా మొండికేస్తుంది. చివరికి ఎక్కడో మారడం మొదలవుతుంది. మారినచోట పొడిలాంటి రేణువులతో సన్నటి పొరలు పుడతాయి. అవి జారి, ఒకదాన్నొకటి అందుకుని, పలకను పొడవునా చీలుస్తాయి. కాదు, జారుడు వేడికి రాయే మెత్తబడుతుందని వాదించేవాళ్లూ ఉన్నారు. ఆయన వాళ్లతో పోట్లాడేవాడు, ఊపిరి సరిగా ఆడినన్నాళ్లూ.

ఫోను ఒక ఆయా ఎత్తింది. పేషెంటును రెండో అంతస్తు దాకా దింపి మెట్ల మలుపులో కుర్చీలో ఆపామని, పెదాలు నీలంగా మారితే సిలిండరు మార్చామని, ఇప్పుడు కొంచెం నయమని చెప్పింది. ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది.

చాలాసేపు ఊపిరి చప్పుడే వినిపించింది.

“ఎంత లోతు?” అన్నాడు.

“ఆరు వందల పైనే.”

“నువ్వే కొలిచావా?”

“లేదు. నింపాది కొలిచాడు.”

మళ్లీ ఊపిరి. “అయితే నమ్ముతా.” ఆగాడు. “నువ్వు కొలిచానంటే, నా కోసం చెప్తున్నావనుకుని నన్ను కిందికే దింపెయ్యమనేవాణ్ణి.”

ఆమె ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. అవతల లిఫ్టు తలుపు మళ్లీ తెరుచుకున్న చప్పుడు, ఎవరో కుర్చీ ఎత్తుతూ మూలిగిన చప్పుడు వినిపించాయి.