పోగు పట్టే పన్ను

ముప్పైయేళ్ళుగా ఎమ్మిగనూరులో మగ్గం గుంటలో కూర్చుని కాళ్ళాడించిన అలివేలమ్మకు, ఆదోని పళ్ళ డాక్టరు కుర్చీలో కాళ్ళు చాపుకొని వెల్లకిలా పడుకోవడమే పెద్ద పనైంది. నడుముకు విశ్రాంతి అలవాటు లేదు. దొరికిన కాస్తా ఎక్కడ దాచుకోవాలో దానికి తెలియలేదు.

ముందరి పన్ను మూల విరిగి మూడు నెలలు. మగ్గానికి ఎక్కించిన పడుగు నూలులో తెగిన పోగును ముడివేసి, కొస కొరుకుతుండగా పుటుక్కుమంది. అప్పటినుంచి నవ్వొస్తే కొంగు అడ్డం. రోజూ ఆదోనికి వచ్చి మందుల షాపులో పనిచేసే కూతురు హర్షిణి, ఇవాళ సెలవు పెట్టి తల్లిని వెంట తెచ్చింది.

డాక్టరు జనార్దన్ పంటిరంగు నమూనాలు రెండు పట్టుకొని తటపటాయిస్తుంటే, "అదిగాదప్పా, పక్కది. కోరా నూలు రంగు," అని అలివేలమ్మే తేల్చింది. రంగు విషయంలో ఆమె మాటకు తిరుగులేదు. ఆయన ఆమె పెదవి కింద దూది చుట్టలు పెట్టి, విరిగిన మూలకు మెత్తటి ముద్ద అద్ది, దిద్ది, నీలి దీపంతో గట్టిపరిచాడు. పన్ను నిండింది.

ఇంకొంచెం ముద్ద తీసుకొని పక్క పన్నుమీదికి వంగాడు. దాని అంచున సన్నని గాడి. ఏళ్ళ తరబడి నూలు నడిచి నడిచి చేసుకున్న దారి.

అలివేలమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. దూది తీసేసి, "ఆ పన్ను బాగుందప్పా. దాని జోలెందుకు?" అంది.

"పూడ్చమని మీ పాపే సెప్పిందమ్మా. రెండూ సమంగా ఉంటాయి."

"పూడిస్తే పోగు కొరకచ్చా?"

"ఆ మాటే ఎత్తద్దు. ఊడిపోతాది. కత్తెర వాడుకో."

"కత్తెర పట్టను మూడో చెయ్యి యాడుందప్పా? రెండు చేతుల్లో రెండు కొసలాయె. మా పండ్లే మాకు కత్తెర."

అని కూతురి వైపు తిరిగింది. హర్షిణి గోడమీది బొమ్మ చూస్తోంది.

"ఏం పాపా, నాతో ఒక్కమాటైనా సెప్పకుండా?"

"సెప్తే ఒప్పుకుంటావా? కొరకలేకుంటేనన్నా మగ్గం దిగుతావనుకున్న్యా. నీ నడుము ఎట్లుందో సూసుకున్న్యావా? నా జీతంతో ఇద్దరం బతకలేమా?"

"మగ్గం దింపను నా పన్ను మూస్తావా! పోయిన మీ నాయనా ఇంతే. అడిగేది లేదు, చేసేదే."

"తొందరగా సెప్పమ్మా," అన్నాడు డాక్టరు. "ఈ వెలుతురుకే ముద్ద గట్టిపడతాంది."

'చాలు, పూడ్చు' అనే మాట అలివేలమ్మ నాలుక కొసదాకా వచ్చింది. అనేస్తే రేపు తెల్లవారి ఈ చేతులు ఏం చేయాలి? మగ్గం అలసట ఆమెకు తెలుసు. దాని బరువెంతో, అది ఏ వేళకు ఎక్కడ నొప్పిపెడుతుందో తెలుసు. మగ్గం లేని అలసట ఎట్లా ఉంటుందో తెలియదు. దాన్ని కొత్తగా నేర్చుకునే ఓపిక లేదు.

"వదిలెయ్యి సారూ," అంది.

డాక్టరు ముద్దను తుడిచేశాడు. నింపిన పంటిని నునుపు చేసి, "దీంతో మాత్రం కొరకద్దు," అని అద్దం ఇచ్చాడు. ఒకటి నిండుగా, ఒకటి గాడితో.

బస్సులో కూర్చున్నాక హర్షిణి అడిగింది.

"ఇంకెన్నాళ్ళు మా, ఈ మగ్గం?"

"ఈ పడుగు అయిపోనీ."

"పోయిన పడుగప్పుడూ ఇదే అంటివి."

"అంటిని," అని ఒప్పుకుంది అలివేలమ్మ. బస్సు కదలకముందే ఆమె కళ్ళు మూతపడ్డాయి.