హెడ్‌ఫోన్‌ తీసెయ్యమన్నారు

"హెడ్‌ఫోన్‌ తీసెయ్యమ్మా. కాపీకి కాకపోతే పరీక్షలో ఇదెందుకు?"

ఇన్విజిలేటర్ చెయ్యి దాన్ని దుర్గ తల మీంచి లాగేసింది. వినబడుతున్న ప్రశ్న సగంలో తెగిపోయింది. చూపులేని దుర్గకు తెర మీది అక్షరాలు చదివి వినిపించేది అందులోని కంప్యూటర్ గొంతొక్కటే. చేపల బుట్ట మోసే తల్లి కష్టంతో ఎమ్మే దాకా వచ్చిన పిల్ల, చుట్టూ కీబోర్డులు టకటకలాడుతుంటే మూగబోయిన కంప్యూటర్ ముందు ఉత్తినే కూర్చుంది. సున్నా వేశారు.

వెళ్ళి అడిగితే రిజిస్ట్రార్ తాపీగా చెప్పాడు. "కొత్త సాఫ్ట్‌వేర్‌కి అవన్నీ కుదరవమ్మా. ఇంటర్ చదివే కుర్రాణ్ణెవర్నయినా ఇస్తాం. నువ్వు చెప్పు, అతను కొడతాడు."

"టైపు నాకొచ్చండి. ఎకనామిక్స్ ఆ కుర్రాడికి రాదు. వినే వీలిప్పించండి చాలు."

"నీ ఒక్కదాని కోసం యూనివర్సిటీ మారదమ్మా."

ఆ సాయంత్రం హాస్టల్ మెస్‌లో విద్యార్థులు కూడారు. చక్రాల కుర్చీలోంచి కిరీటి అన్నాడు. "పరీక్ష హాలు రెండో అంతస్తులో. లిఫ్టు పనిచెయ్యదు. నన్ను బస్తాలా మోస్తారు. నేనూ ఒక్కణ్ణేనంట. అందరం పరీక్ష మానేద్దాం."

"మానేస్తే మన సంవత్సరం పోద్ది," అన్నాడు శివాజీ. "మా నాన్న కంకిపాడులో కౌలుకి చేస్తన్నాడు. ఆయనకేం చెప్పను?"

"జాలిపడి రావద్దు శివాజీ," అంది దుర్గ. "స్కాలర్‌షిప్ అడగబోతే నీకూ ఇదే చెప్పారుగా, నీ ఒక్కడి కోసం మారదని. మనల్ని ఎప్పుడూ విడివిడిగానే పిలుస్తారు. ఎందుకో ఆలోచించు."

మీటింగ్ ఎటూ తేలలేదు.

తర్వాతి పరీక్షకు దుర్గ హెడ్‌ఫోన్‌తోనే వచ్చింది. ఆపితే గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. పోలీసులొచ్చారు. ఆడ కానిస్టేబుళ్ళు రెక్కలు పట్టి మెట్ల మీదుగా ఈడ్చుకెళ్తుంటే మోచేతులు చీరుకుపోయాయి. తెల్లకర్ర ఎక్కడో జారిపోయింది. వ్యాన్లోకి నెట్టారు. ఒక్క గొంతూ తన కోసం లేవలేదనుకుంది.

అప్పుడు పైన కుర్చీలు జరిగిన చప్పుడు. మెట్ల మీద అడుగులు.

"ఎవరండీ?" అడిగింది దుర్గ.

కానిస్టేబుల్ తటపటాయించింది. "హాలంతా ఖాళీ అయిపోతందమ్మా."

కదలబోయిన వ్యాను ఆగింది. ముందు రోడ్డంతా విద్యార్థులు కూర్చున్నారు. లాఠీలు దిగాయి. ఎముక మీద పడ్డ దెబ్బకూ, కండ మీద పడ్డ దెబ్బకూ చప్పుడు వేరని దుర్గకు ఆరోజే తెలిసింది. అయినా ఎవరూ లేచిన అలికిడి లేదు. కుర్చీతో సహా కిరీటిని ఎత్తి పక్కన పడేశారు. అందర్నీ ఎక్కించడానికి ఇంకో వ్యాను కావాల్సొచ్చింది.

స్టేషన్లో దుర్గ పక్కన ఎవరో మూలుగుతూ కూలబడ్డారు. గొంతుని బట్టి శివాజీ అని పోల్చుకుంది.

"మీ నాన్నకేం చెప్తావ్?"

"చెప్పేశా. ఫోన్ లాక్కునే ముందు," అన్నాడు శివాజీ. "కౌలు రైతుల్ని వెంటేసుకుని బయల్దేరతన్నాడంట."