ఆఖరి మడత

ఆదివారం వచ్చిందంటే దర్జీ ఆవిడ బేరాలన్నీ పక్కన పడేసి కూతురి యూనిఫాం స్కర్టు ఒళ్ళోకి తీసుకునేది. అంచు కుట్టు విప్పి, లోపలి మడత ఒకటి దించి, మళ్ళీ కుట్టేది. బడిలో పీరియడు నలభై నిమిషాలే. కానీ ముందే వచ్చేసిన పాఠాన్ని వింటూ కూర్చున్నవాళ్ళకి అది రోజుల తరబడి సాగుతుంది, ఒంటికి వయసు కూడా ఆ లెక్కనే పడుతుంది. ఇదేం కొత్త సంగతి కాదు. తెలివైన పిల్లలున్న ఇళ్ళల్లో గోళ్ళు తీసే కత్తెర ఎప్పుడూ చేతికందేలా ఉంటుంది. పొద్దున తీసిన గోళ్ళు సాయంత్రానికి మళ్ళీ తీయాలి మరి.

ఓ ఆదివారం దించుదామంటే మడత మిగల్లేదు. సరే, కొత్తది కుడదామనుకుని ముందు కూతురి తల దువ్వబోతే, పాపిట పక్కన తెల్లవెంట్రుక కనిపించింది. పిల్లకి పదిహేనేళ్ళు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

సోమవారం మెడలో కొలతల టేపైనా తీయకుండా బడికి వెళ్ళింది. పెద్దసారు కుర్చీ వేయించాడు. తెలివైన పిల్లలంటే తమకి ప్రాణమన్నాడు. అమ్మాయి లెక్కలు అందరికన్నా ముందే చేసేస్తోంది కాబట్టి, అవే లెక్కలు ఇంకో రెండుసార్లు చేయిస్తున్నామన్నాడు. అప్పటికీ టైము మిగిలితే మిగతావాళ్ళ నోట్సులు దిద్దమంటున్నారట. పైగా అలాంటి పిల్లల అవసరాలు తెలుసుకోవడానికి ఏటా మీటింగు కూడా పెడతారట. ఆ మీటింగు సంగతి ఆవిడకి తెలుసు. రెండు గంటలూ ఆయనే మాట్లాడతాడు, పిల్లలు చప్పట్లు కొడతారు.

"దానికేం కావాలో దాన్ని ఒక్కసారైనా అడిగారా?"

"చిన్నపిల్లలండీ, వాళ్ళకేం తెలుస్తుంది?"

"చిన్నపిల్లా? తల నెరిసింది సార్ దానికి. ఒక్క పీరియడు దాని పక్కన కూర్చుని చూడండి."

దానిదేముంది అని నవ్వుతూనే వెళ్ళి కూర్చున్నాడు. అది ఆయన ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠం. గంట కొట్టేసరికి, పొద్దున నున్నగా గీసుకొచ్చిన గడ్డం గుండెల దాకా దిగింది. క్లాసులో ఎవరూ వింతగా చూడలేదు. సారుకి ఈ పాఠం కంఠతా వచ్చు కదా అంది లెక్కల టీచరు.

ఆయన అమ్మాయి వైపు తిరిగాడు. "నీకేం కావాలమ్మా?"

అమ్మాయి తడుముకోలేదు. "నాకు రానివి చెప్పండి సార్. నేను కూడా తప్పులు చేయాలి."

మర్నాటి నుంచి లెక్కలకి పై క్లాసులో కూర్చోబెట్టారు. ఆ సాయంత్రం అమ్మాయి ఎర్రసిరా కొట్టివేతలతో నోట్సు పట్టుకొచ్చింది. అప్పుడే బెల్లు కొట్టేశారని ఒకటే గొణుగుడు. తల్లి కూతురి గోళ్ళు చూసింది. పొద్దున తీసినవి తీసినట్టే ఉన్నాయి.

పెద్దసారు కూడా నున్నగా గడ్డం గీసుకుని ఏమీ జరగనట్టు తిరుగుతున్నాడు. అమ్మాయి అద్దంలో చూసుకుంటూ తెల్లవెంట్రుక పీకబోతే తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ. రోజూ ఆయనకి కనిపించనీ."