ఆఖరి ఓడ ఆగిన సాయంత్రం

మధ్యాహ్నం నుంచి హల్లూమా అతిథి మొహమే చూస్తోంది. ఆ మొహం ఒక్కసారి నవ్వితే ఒట్టు. స్ఫాక్స్ పట్నం నుంచి పొద్దుటి ఓడలో దలెందా తన కొడుకు నిజార్‌ను వెంటబెట్టుకుని, హల్లూమా కూతురు విదాద్‌ను చూడడానికి దీవికి వచ్చింది. పిల్లలిద్దరూ ఎప్పుడో మనసు పడ్డారు, ఈవిడ ఊ అనడమే తరువాయి. ఈవిడేమో ఆక్టోపస్ కుస్‌కుస్‌ను రెండు చెంచాలు కెలికి పళ్లెం పక్కకు జరిపింది. ఏమడిగినా దవడ బిగించుకుని "చూద్దాం" అంటోంది.

"మన పిల్ల ఈవిడ కంటికి ఆనలేదయ్యా," అని హల్లూమా వంటింట్లో భర్త దగ్గర వాపోయింది.

"ముందు గాలి సంగతి చూడు," అన్నాడు మొఖ్తార్. చేపలు పట్టేవాడికి గాలి తర్వాతే ఏదైనా.

సాయంత్రానికి ఖర్జూరపు చెట్లు ఊగిపోయాయి, సముద్రం నురగలు కక్కింది, వాన దబదబా దిగింది. ఆఖరి ఓడ బయల్దేరదని రేవు నుంచి ఫోనొచ్చింది. ఇక రాత్రంతా ఈ మొహమే అనుకునేసరికి హల్లూమాకు నీరసం వచ్చింది. అది చాలనట్టు ఇంటి కప్పు కారడం మొదలెట్టింది, సరిగ్గా దలెందా కూర్చున్న చోటే.

హల్లూమా కంగారుగా పెరట్లోకి పరిగెత్తి, చేతికందిన కుండలన్నీ తెచ్చి ధారల కింద పెట్టింది.

"మీరు కదలకండి, ఒక్క చుక్క కింద పడదు!"

పైన పడ్డ నీళ్లు పడ్డట్టే అడుగు నుంచి చాప మీదికి పాకాయి. అవి ఆక్టోపస్‌లు పట్టే కుండలు. ప్రతిదానికీ అడుగున చిల్లుంటుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వాటి మధ్యే తిరిగిన మనిషి హల్లూమా!

"భేష్! ఇంకాసేపుంటే ఇంట్లోనే వేట," అన్నాడు మొఖ్తార్. హల్లూమాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

అప్పుడు నవ్వింది దలెందా. పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"ఓడ నిజంగా లేదు కదూ?"

"రేపటిదాకా లేదండీ."

"బతికించావు తల్లీ! నీళ్లంటే నాకు చచ్చే భయం. పొద్దున ఆ ఊపుకి పేగులు నోట్లోకొచ్చాయి. సాయంత్రం మళ్లీ ఎక్కాలంటే ముద్ద దిగితేనా? ఏదీ, ఆ కుస్‌కుస్ ఇలా తే!"

రెండు పళ్లేలు ఖాళీ చేసింది. తర్వాత గౌను చేతులు పైకి మడిచి, వద్దన్నా వినకుండా విదాద్‌తో కలిసి నేల తుడిచింది. ఇద్దరూ ఏవో గుసగుసలాడుకుని నవ్వుకుంటుంటే హల్లూమాకు కాస్త ధైర్యం వచ్చింది.

"మరి పిల్లల సంగతి... మాట ఖాయం చేసుకోవడానికి మళ్లీ ఎప్పుడొస్తారు?"

"మళ్లీనా?" దలెందా ఉలిక్కిపడింది. "ఇంటికి పోవడానికి ఒక్కసారి ఓడెక్కడం ఎలాగూ తప్పదు. మళ్లీ రావడం నా వల్ల కాదు. ఫాతిహా చదివి మాట ఇప్పుడే ఖాయం చేసేద్దాం. ఒరే నిజార్, మీ నాన్నకు ఫోన్ కలుపు. ఏం వదినా, మీకిష్టమేనా?"

వదినా అన్న మాటకు హల్లూమా మొహం విప్పారింది. తల ఊపి, కారుతున్న కుండ పక్కనే ప్రార్థనకు అరచేతులు చాచి కూర్చుంది.