నాలుగో పిస్టన్

లావాంగ్‌లో వినార్సి ఇంటి వసారాలో ఒక ఇంజను ఉంది. దాని కారు పెరట్లో ఉంది, నోరు తెరుచుకుని. రెండూ కలిస్తే పాత కిజాంగ్ బండి. విడివిడిగా ఉన్నంతకాలం, వినార్సి లెక్కలో, భర్త ప్రాణం.

ఆ లెక్క నేర్పింది పక్కింటి బు కస్మీ. భర్త సుబాండి ఊపిరితిత్తులు ఇక మందులకు లొంగవని మలాంగ్ ఆసుపత్రి వాళ్ళు ఇంటికి పంపేశాక, ఆవిడ వేయించిన సోయాగింజల టెంపే పళ్ళెంతో వచ్చి గొంతు తగ్గించి మాట్లాడింది. తగ్గించినా వీధి చివరికి వినిపించే గొంతు అది.

"చూడు నార్, మనిషి ఊరికే ఆగడు. దేనిమీదో మనసు చిక్కుకుంటేనే ఆగుతాడు. మీ ఆయన ఆ ఇంజను కోసం ఆగారు. అది పూర్తి చేసి, ఇక వెళ్ళండి అని మనసారా ఒక్క మాట చెప్పెయ్. నువ్వు పట్టుకుని కూర్చుంటే కష్టం ఆయనకే. మా మామగారికి మేమంతా అలాగే చెప్పాం."

"చెప్తే వెళ్ళిపోయారా?"

"ఆ మధ్యాహ్నమే. అన్నం కూడా తినలేదు."

వినార్సి టెంపే మొత్తం తీసుకుంది. సలహాలో సగమే తీసుకుంది: ఇంజను పూర్తయ్యేదాకా మనిషి ఆగుతాడన్న సగం.

ఇంజను విప్పింది సుబాండే, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు. ఇప్పుడు చేతులకు స్పానర్ బరువైపోయింది. వెదురు కుర్చీలో కూర్చుని అతను చెప్తాడు, ఆమె చేస్తుంది. పెళ్ళయిన నాటి నుంచీ ఆ బండిని సవతి అని పిలిచిన మనిషి, ఇప్పుడు ఆ సవతికే పేగులు సర్దుతోంది. పిల్లల్లేని ఇల్లు కనక వాళ్ళిద్దరి మధ్యా పెళ్ళినాటి పిలుపులే మిగిలిపోయాయి. అతను ఆమెకు మాస్, ఆమె అతనికి దిక్.

మొదటి రెండు పిస్టన్లూ బుద్ధిగానే దిగాయి. అప్పటికింకా బు కస్మీ టెంపే రాలేదు. వచ్చాక పనికి అడ్డంకులు మొదలయ్యాయి. పిస్టన్ లోపలికి దిగేటప్పుడు రింగుల్ని చుట్టూ నొక్కి పట్టే రేకు పట్టీ మాయమైంది. వెతగ్గా వెతగ్గా బియ్యం డబ్బా వెనక దొరికింది. "ఎలకలు," అంది వినార్సి. నూనె డబ్బా ఒలికిపోయింది. "పిల్లి," అంది. మూడో పిస్టన్‌కి రింగు ఎక్కిస్తూంటే అది టప్పున రెండు ముక్కలైంది. దానికి ఏ జంతువూ దొరక్క, "చెయ్యి జారింది," అంది. పోత ఇనుము రింగు అవసరానికి మించి సాగదీస్తే విరుగుతుందని సుబాండి ముందే హెచ్చరించాడు. ఆమెకు ఆ సంగతి తెలిసింది కూడా అలాగే.

కొత్త రింగులు సురబాయ నుంచి రావాలి. అవి వచ్చేలోగా వానలు పట్టుకున్నాయి. సుబాండి చొక్కాలు అతనికి వదులైపోయాయి. అతను ఆగాడు, ఆమె కోరుకున్నట్టే. కానీ ఆగడం అంటే ఎలా ఉంటుందో ఆమె ఆలోచించలేదు. పడుకుంటే అతనికి ఊపిరాడదు, కూర్చుంటే నడుము నిలవదు. మాట పూర్తి చెయ్యడానికి మధ్యలో రెండుసార్లు ఆగాలి. స్నానం చేయిస్తూంటే వీపు ఎముకలు ఒక్కొక్కటీ ఆమె వేళ్ళకు తగిలేవి. తువ్వాలు చాటున మొహం తుడుచుకుని, సబ్బు పడిందనేది.

పార్సిల్ వచ్చిన ఉదయం కొండ కనిపించనంత మంచు.

"ఇవాళ చేసేద్దాం దిక్," అన్నాడు.

"ఈ తేమకి తుప్పు పట్టదూ?"

"నూనె రాస్తాంగా."

"శుక్రవారం మాస్. మసీదుకి వెళ్ళేవాళ్ళంతా ఆగి తలో సలహా ఇస్తారు."

"ఇవ్వనీ. నేనిచ్చేవి నువ్వు వింటున్నావా ఏమిటి?"

ఆమె కూర్చుని మూడో పిస్టన్‌ని ఒళ్ళోకి తీసుకుంది. అతను కళ్ళు మూసుకుని, పాఠం అప్పజెప్పించుకునే పంతుల్లా అడిగాడు.

"తల మీద బాణం గుర్తు ఎటుంది?"

"ఫ్యాను వైపు."

"రింగుల చీలికలు? ఒకదాని కింద ఒకటి వస్తే మంట దారి చూసుకుని కిందికి జారుతుంది."

"ఒకటి మసీదు వైపు, ఒకటి బు కస్మీ వంటింటి వైపు, ఒకటి మీ వైపు."

"బోల్టులకి రబ్బరు గొట్టాలు తొడిగావా? లేకపోతే కింద తిరిగే క్రాంకు గీసుకుపోతుంది."

"తొడిగాను. వాటికి చలి వెయ్యదిక."

పట్టీ బిగించి, సుత్తిని తిరగేసి, కర్ర పిడితో పిస్టన్ తల మీద మెల్లగా తట్టింది. అది మెత్తగా జారి దిగింది.

మిగిలింది నాలుగోది. దాని పై రింగును రెండు బొటనవేళ్ళతో పట్టుకుంది. ఇది కూడా విరిగితే ఇంకో పార్సిల్, ఇంకొన్ని వానలు. ఆమె వేళ్ళు రింగును విప్పసాగాయి. కావలసినంత విప్పి, ఇంకాస్త విప్పాయి.

"దిక్." సుబాండి కళ్ళు తెరవలేదు. "దాన్ని విరక్కొట్టకు. మళ్ళీ తెప్పించేదాకా నేనాగలేను."

వేళ్ళు బిగుసుకుపోయాయి.

"మొన్నటిదీ చెయ్యి జారి విరగలేదు," అన్నాడు. "వస్తువు విరిగితే ఎవరైనా వస్తువు వంక చూస్తారు. నువ్వు నా వంక చూశావు."

"ఎలకల సంగతి కూడా తెలుసా?"

"బియ్యం వదిలేసి రేకు ఎత్తుకెళ్ళే ఎలకని నేనెక్కడా చూళ్ళేదు."

"మరి అప్పుడే ఎందుకనలేదు?"

"నాకూ ఇంకొన్నాళ్ళు ఉండాలనిపించింది." ఊపిరి కోసం ఆగాడు. "ఇప్పుడు అలిసిపోయాను."

ఆమె రింగును మెల్లగా వదులు చేసింది. తర్వాత కోపంగా అంది, "అయినా ఈ బండి పూర్తయితే ఎవరు తోలాలి? నాకు సైకిలే రాదు."

"బండి కోసం కాదు. నేను పోయాక వారం రోజులు సాయంత్రం ప్రార్థనకి వీధి వీధంతా వస్తుంది. ఇంజను ఇక్కడుంటే వాళ్ళనెక్కడ కూర్చోబెడతావు? విప్పి ఉన్నదాన్ని ఎవరూ ముట్టుకోరు, నట్టు పోయిందంటే మాట పడాలని. మూసి ఉంటే నలుగురు పట్టి పెరట్లో పడేస్తారు." మళ్ళీ ఊపిరి. "జనాన్ని వానలో నించోబెట్టి టీ ఇచ్చారంటే నా పరువేం కాను?"

ఆమెకు నవ్వొచ్చింది. గొంతు దాటేసరికి అది నవ్వు కాకుండా పోయింది. మోచేత్తో కళ్ళు తుడుచుకుంది, చేతులకు నూనె ఉంది కనక.

రింగు విరక్కుండా గాడిలో కూర్చుంది. పిస్టన్ మాత్రం సగం దిగి పట్టేసింది. ఈసారి ఆమె చేసిందేమీ లేదు.

"గుద్దకు," అన్నాడు. "రింగు ఎక్కడో బయటికి తన్నుకొచ్చుంటుంది. తీసి మళ్ళీ పెట్టు."

రింగు విరగడానికి ఒక్క గట్టి దెబ్బ చాలు. ఎవరూ ఏమీ అనరు. అతను చూడటం కూడా లేదు. ఆమె సుత్తి పక్కన పెట్టి, పిస్టన్ పైకి లాగి, చీలికలు సరిచూసి, నూనె రాసి, పట్టీ మళ్ళీ బిగించింది. పిడితో తట్టింది. నాలుగోది దిగిపోయింది.

అడుగు నుంచి పిస్టన్ కడ్డీలను క్రాంకుకు పట్టి ఉంచే టోపీలు బిగించి, పొడుగు పిడి తగిలించి క్రాంకును తిప్పింది. రెండు పిస్టన్లు పైకి లేస్తే రెండు కిందికి దిగాయి.

"ఎక్కడైనా పట్టేస్తోందా?"

"లేదు మాస్. సాఫీగానే తిరుగుతోంది."

"ఇంకోసారి తిప్పు."

తిప్పింది. నూనెలో ఇనుము కదిలే ఆ చిన్న చప్పుడు అతను తల వాల్చి విన్నాడు.

మసీదు నుంచి వచ్చిన మగవాళ్ళు తలో సలహా ఇస్తూనే సాయంత్రానికి మిగతా మూతలన్నీ బిగించి, ఇంజనును పెరట్లోకి మోసుకుపోయారు. వసారా ఇంత పెద్దదని వినార్సి మర్చిపోయింది. నూనె మరక రుద్దింది, పూర్తిగా పోలేదు. లోపలికి వెళ్ళి చాపలు తెచ్చి మరక మీదుగా ఒకటి పరిచింది. పక్కన ఇంకోటి.

"ఆ మూల మూడోది పడుతుంది," అన్నాడు సుబాండి.

"మీ కోసం అంతమంది వస్తారనా?"

"నా కోసం ఎందుకొస్తారు? నువ్వు వేయించే అరటిపళ్ళ కోసం."

మూడో చాప పరిచి, అంచు సరిచేసి, దాని మీదే అతని కాళ్ళ దగ్గర కూర్చుంది. బు కస్మీ చెప్పమన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది.

"చోటు సరిపోతుంది మాస్," అంది. "ఇక మీరు బెంగ పెట్టుకోకండి."

అతను ఆమె తల మీద చెయ్యి వెయ్యబోయాడు. అది భుజం దాకానే అందింది. అక్కడే ఉంచేశాడు.